ఊ కొట్టిన పాపానికి

పోయిన వారం మనం తొందరమ్మను ఆఫీసు గదిలో, ఫోను ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఆ నిలబడ్డ మనిషి ఇప్పటికీ కూర్చోలేదు. అప్పటికి జరిగింది ఇదీ. ఒక బడి హాస్టల్లో ఒక అమ్మాయి ముందురోజు మధ్యాహ్నం బ్రెడ్డు మీద చీజ్ తురుము చల్లుకుని తింది. ఆ పిల్లకు గుడ్డు పడదు. చీజ్ పాకెట్టు మీద గుడ్డు మాట ఎక్కడా లేదు. తిన్న కాసేపటికే పెదాలు వాచి, ఊపిరాడక పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. ఆ చీజ్ స్పానిష్ మాట్లాడే ఒక దేశం నుంచి వస్తుంది. అందులో ఏమేం కలిపారో చెప్పే కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చింది మన తొందరమ్మ. సరిచూసి ముద్ర వేసింది ఆమె బాబాయి.

పొద్దున ఫోను రాగానే ఆమె అసలు స్పానిష్ కాగితం తీసి చూసింది. ఉంది. నల్లగా, స్పష్టంగా అచ్చయి ఉంది: లిసోసీమా దె వేవో. లిసోసీమా అంటే లైసోజైమ్, చీజ్ లోపల ఉబ్బి పగుళ్ళు రాకుండా వేసే పదార్థం. దె వేవో అంటే గుడ్డు నుంచి తీసినది అని. తాము పంపిన ఇంగ్లీషు కాగితంలో ఆ లైనే లేదు. "ఉందండీ, గుడ్డుది ఉంది, చీజ్ ఎక్కడున్నా ఆపించేయండి," అని ఆమె ఫోన్లోనే చెప్పేసింది. అవతల ఉన్నది ఆ చీజ్ తెప్పించే కంపెనీ క్వాలిటీ ఆఫీసరు. "ఆపిస్తాను. నేనే వస్తున్నాను, అక్కడే ఉండండి," అన్నాడు.

ఇదిగో, వచ్చి కూర్చున్నాడు.

సన్నగా పొడుగ్గా, ఇస్త్రీ నలగని చొక్కాతో ఉన్నాడు. అరిచే మనిషైతే ఎంత బాగుండేదో. అరిచేవాళ్ళతో ఒక సుఖం ఉంది, వాళ్ళు అలిసిపోయేదాకా మనం తల వంచుకుని ఉంటే చాలు. ఈయన అరవలేదు. సంచిలోంచి చీజ్ పాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. పిన్ని తెచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు చప్పుడు కాకుండా దింపాడు.

"అమ్మాయి కళ్ళు తెరిచింది," అన్నాడు. "నీళ్ళు తాగిందట. ఊపిరి బానే ఆడుతోందట."

తొందరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది, మింగేసింది. పరాయి మనిషి ముందు ఏడవడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

"ఇప్పుడు నాకు ఒకటే తెలియాలి," అన్నాడు ఆఫీసరు. "తప్పు ఈ ఒక్క కాగితంలోనే జరిగిందా, ఇంకా ఎక్కడన్నా ఉందా? ఎందుకడుగుతున్నానంటే, అదే ఫ్యాక్టరీ నుంచి పసిపిల్లల పాలపొడి డబ్బాలు వచ్చాయి. ఆ కాగితం కూడా మీదే. డబ్బాల మీద లేబుళ్ళు మీ కాగితం చూసే వేయించాం. ఇవాళ దుకాణాలకు పంపాలి. పంపమంటారా, ఆపమంటారా?"

ఆ ఇంట్లో పని ఎలా జరుగుతుందో చెప్పకపోతే ఈ ప్రశ్న బరువు మీకు తెలియదు. కాస్త ఓపిక పట్టండి.

వీధి వైపు గదే ఆఫీసు. దాని వెనకే వంటిల్లు, కాబట్టి ఏ రసాయనం పేరు చదువుతున్నా పోపు వాసన తగులుతూనే ఉంటుంది. కిటికీ పక్కన బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు. రాసినవాడి కంటికి తను రాయాలనుకున్నదే కనబడుతుంది తప్ప కాగితం మీద ఉన్నది కనబడదని బాబాయి సిద్ధాంతం. అందుకని ఎంత చిన్న పనైనా చివర్లో ఇద్దరూ కూర్చోవాల్సిందే. కిటికీ వైపు కుర్చీలో బాబాయి స్పానిష్ కాగితం పట్టుకుని ఒక్కో లైనూ పైకి చదువుతాడు. ఎదురు కుర్చీలో తొందరమ్మ ఇంగ్లీషు కాగితం మీద స్టీలు స్కేలు ఆనించుకుని వింటుంది. ఆయన చదివింది ఇందులో సరిగ్గా ఉంటే ఊ అంటుంది. లేకపోతే ఊ అనదు, ఆయన ఆగుతాడు, ఇద్దరూ కలిసి చూస్తారు. అంతా అయ్యాక ఆయన 'చదివి సరిచూడబడినది' అన్న ముద్ర కొట్టి సంతకం పెడతాడు. చిన్నప్పుడు ఆయన చెప్పిన కథలకు ఊ కొట్టిన పిల్లే, పెద్దయ్యాక సోడియానికీ కాల్షియానికీ ఊ కొడుతోంది. కథ మారింది గానీ వాళ్ళిద్దరూ కూర్చునే తీరు మారలేదు.

ఆమెకు తొందరమ్మ అని పేరు పెట్టింది కూడా ఆయనే. తండ్రి పోయాక ఈ ఇంటికి వచ్చిన మొదటిరోజే ఒక కాలికి తన చెప్పూ, ఒక కాలికి పిన్ని చెప్పూ వేసుకుని గుమ్మం దిగిందట. ఆ పేరు అలాగే అంటుకుపోయింది. అసలు పేరు బ్యాంకులో తప్ప ఎక్కడా పనికి రాదు.

ఇక చీజ్ కాగితం సంగతి. 'ఇది పోయినసారి కాగితమే, తేదీ మాత్రం మారింది' అని ఫ్యాక్టరీ వాళ్ళు రాశారు. తొందరమ్మ పోయినసారి ఇంగ్లీషు తీసి తేదీ మార్చింది. మిగతాది బాబాయి చదివేటప్పుడు తేలుతుందిలే అనుకుంది. మారిన ముక్క ఏదైనా ఉంటే ఆయన నోట పడగానే తన చెవికి తగులుతుంది కదా. ఎన్నోసార్లు అలాగే తగిలింది. ఈసారి తగల్లేదు. ఎందుకు తగల్లేదన్నదే ఆమెను పొద్దుటినుంచి కొరుక్కు తింటోంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు మంచి గొంతు, వినే కొద్దీ నమ్మబుద్ధేసే గొంతు.

"ప్రతి లైనూ చదివానండీ నేను," అన్నాడు. "లైను వదిలి చదవడం నాకు చేతకాదు. మా అమ్మాయే ఆరోజు కాస్త పరధ్యానంగా ఉంది. పొద్దుటినుంచి పని మీద పని. నేను చదివాను, తను విన్నట్టే ఊ కొట్టేసింది. చిన్నది, ఏదో జరిగిపోయింది. మా ఇంటి తప్పే, కాదనను. కానీ ఈ ఒక్క కాగితంలోనే."

తొందరమ్మ ఆయన మొహం వంక చూసింది. ఆయన ఆమె భుజం పక్కగా, గోడ వైపు చూస్తున్నాడు. ఈమధ్య కొన్ని నెలలుగా అంతే, మొహంలోకి సూటిగా చూడడు. తను వేరే ఊళ్ళో ఉద్యోగానికి అర్జీ పెడతానన్నందుకు అలిగాడేమో అనుకుని, అలక తీరాక తనే చూస్తాడులే అని ఊరుకుంది.

"అంతేనా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

బాబాయి చెప్పిందే నిజమేమో. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయేది తనే. గొళ్ళెం పెట్టకుండా వీధిలోకి పోయేది తనే. తన పరధ్యానం గురించి తన ఇంట్లోవాళ్ళకంటే ఎవరికి తెలుస్తుంది? అయినా ఆ లైను ఆయన చదివినట్టు గుర్తే లేదే.

"ఊ," అంది.

చూశారా అలవాటు చేసే పని. బాబాయి గొంతు వినబడి, ఆగి, ఎవరో ఎదురు చూస్తే చాలు, ఆమె నోట్లోంచి ఊ దానంతటదే వచ్చేస్తుంది.

ఆఫీసరు తల ఊపాడు. చీజ్ పాకెట్టు తీసి బాబాయికి అందించి, "దీని మీద నంబరూ మీ కాగితంలో నంబరూ ఒకటేనా చూడండి," అన్నాడు. బాబాయి అందుకుని, చూడకుండానే తొందరమ్మ వైపు జరిపాడు. "నువ్వు చూడమ్మా." చూసింది. ఒకటే.

"సరే. ముందు ఆసుపత్రికి ఒకసారి ఫోన్ చేస్తాను, తర్వాత గోడౌన్ వాళ్ళకి చెప్తాను. లోపల సిగ్నల్ రావట్లేదు," అంటూ ఆయన మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. వంటింట్లో పిన్ని గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"మనసులో పెట్టుకోకు తొందరమ్మా," అన్నాడు బాబాయి మెల్లగా. "నాలుగు రోజులు అనుకుంటారు, ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు."

"నాకు గుర్తుంటుంది బాబాయ్. లిసోసీమా అన్న మాట నా చెవిన పడ్డట్టే లేదు. ఒక్కసారి మళ్ళీ చదువు. నేను ఎక్కడ జారానో నాకు తెలియాలి."

"ఇప్పుడా? ఆయన బయటే ఉన్నాడు."

"ఇప్పుడే. ఎంతసేపు పడుతుంది?"

బాబాయి ఒక క్షణం ఆలోచించి, సరేనన్నట్టు కళ్ళజోడు సర్దుకున్నాడు. తొందరమ్మ స్పానిష్ కాగితాల ట్రేలోంచి కాగితం లాగి ఆయన చేతిలో పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుని, తన ఇంగ్లీషు ప్రతి ముందేసుకుని స్కేలు ఆనించింది. ఈసారి ఒక్క మాట కూడా జారనివ్వకూడదని పళ్ళు బిగబట్టుకుంది.

"లేచె పాస్తెయూరిసాదా దె వాకా," అని మొదలుపెట్టాడు బాబాయి. కాచి చల్లార్చిన ఆవుపాలు. ఇంగ్లీషులో ఉంది.

"ఊ."

"సాల్." ఉప్పు.

"ఊ."

"క్లోరూరో దె కాల్సియో." కాల్షియం క్లోరైడ్.

"ఊ."

"క్వాహో." పాలు విరగడానికి వేసేది.

"ఊ."

"ఫెర్మెంతోస్ లాక్తికోస్." తోడు.

"ఊ."

ఇక రావాలి. ఈ లైను తర్వాతే, లిసోసీమా. బాబాయి కాగితాన్ని తిప్పాడు. ప్రతిసారీ తిప్పే చోటే, అదే తీరున, బొటనవేలితో మూల పట్టుకుని తిప్పాడు. తిప్పి, గొంతులో ఏ తడబాటూ లేకుండా, "కన్సెర్వార్ ఎన్ లుగార్ ఫ్రియో," అని చదివాడు. చల్లని చోట ఉంచవలెను.

లిసోసీమా రాలేదు. తన చెవి కాదు జారింది. ఆయన నోరే దాటుకుపోయింది.

బాబాయ్ ఒక లైను పోయింది, అనబోతూ తొందరమ్మ తలెత్తింది. తలెత్తి, అలాగే ఉండిపోయింది.

కాగితం తిప్పాక దాని ముందు వైపు ఇప్పుడు ఆమె వైపు ఉంది. పైన పెద్ద అక్షరాలతో మాంతెకీయా అని ఉంది. వెన్న. అది చీజ్ కాగితమే కాదు. ఇంకెవరిదో వెన్న ఫ్యాక్టరీ కాగితం. తను కంగారులో ట్రేలోంచి ఏదో లాగి ఇచ్చేసింది. వెన్నలో ఉండేదెంత, మీగడ, ఉప్పు, తోడు. ఒక్క పక్కకే సరిపోయింది, వెనక వైపు అచ్చు లేదు. ఆ అచ్చు లేని వైపే ఇప్పుడు బాబాయి కళ్ళ ముందుంది. తెల్లటి కాగితం వంక తదేకంగా చూస్తూ, ఆయన చీజ్ ఎలా దాచాలో చదువుతున్నాడు.

ఆయన ఇంకో లైను చదివి ఆగాడు. "ఏం, ఊ లేదేం?"

ఆమె స్కేలు పక్కన పెట్టింది. "బాబాయ్, ఇప్పుడు చదివిన లైను ఎక్కడుందో ఒకసారి వేలు పెట్టి చూపించవా?"

"ఎందుకు?"

"చూపించు."

బాబాయి వేలు కాగితం మీదికి వచ్చింది. తెల్లటి కాగితం మీద పై నుంచి కిందికి కొద్దిగా జరిగి, ఒక చోట ఆగింది. "ఇదిగో, ఇక్కడ."

"అక్కడ ఏమీ లేదు బాబాయ్," అంది తొందరమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "అది వెన్న కాగితం. నేను తొందరలో తప్పుది ఇచ్చాను. నువ్వు చూస్తున్న వైపు అక్షరమే లేదు."

వేలు అక్కడే ఉండిపోయింది. ఆయన మొహంలో రంగు పోయింది. దొంగను పట్టుకున్నప్పుడు కలిగే కసి ఆమెకు కలగలేదు. భయం వేసింది. చిన్నప్పటినుంచి ఈ ఇంట్లో ఏది కదిలినా కదలని గోడ ఒకటి ఉందనుకుంది, అది ఇప్పుడు కళ్ళముందే బీటలు వారింది.

వంటింటి గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"చెప్పేయండి," అంది పిన్ని ఆయనతో. "మీరు చెప్పరు, నన్ను చెప్పనివ్వరు. నాకు అన్నం సయించడం మానేసి ఎన్నాళ్ళయిందో మీకేం తెలుసు."

"నీకు తెలుసా పిన్నీ?"

"తెలిసే ఏడుస్తున్నాను."

బాబాయి కాగితాన్ని బల్ల మీద పెట్టి, అంచులు తడిమి సరిచేశాడు. "పక్కలు కనబడతాయి," అన్నాడు. "తలుపు తెలుస్తుంది, గ్లాసు తెలుస్తుంది, నువ్వు నడిచొస్తుంటే తెలుస్తుంది. దేని మీద చూపు నిలిపితే అదే మాయమైపోతుంది. సరిగ్గా మధ్యలో మసి పూసినట్టుంటుంది. అక్షరం వంక చూస్తే అక్షరం పోతుంది."

"ఎప్పటినుంచి?"

"ఎండల్లో మొదలైంది. వానలు పడేసరికి మొత్తం పోయింది. డాక్టరు ఇక రాదన్నాడు."

"మరి రోజూ నా ముందు కూర్చుని చదువుతున్నది?"

"చదవట్లేదు, అప్పజెబుతున్నాను. ఇన్నేళ్ళుగా అవే ఫ్యాక్టరీలు, అవే కాగితాలు. అన్నీ కంఠతా వచ్చేశాయి. కొత్త ఫ్యాక్టరీ కాగితం వస్తే ఒంట్లో బాలేదని నీ చేతే చదివించాను, నువ్వు గమనించలేదు. పాతవాటిల్లో మార్పు ఏదన్నా ఉంటే వాళ్ళే రాస్తారనుకున్నాను. మార్పు లేదని రాశారు కదా."

అదీ సంగతి. ఒకరు పాత కాగితాన్ని అప్పజెప్పారు, ఇంకొకరు పాత ఇంగ్లీషు చూసి ఊ కొట్టారు. పాతదీ పాతదీ చక్కగా సరిపోయాయి. కొత్త కాగితాన్ని ఆ గదిలో ఎవరూ చదవనే లేదు, దాని మీద చదివి సరిచూడబడినది అని ముద్ర మాత్రం పడింది.

అప్పటికి గానీ తొందరమ్మకు కోపం రాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు.

"నా మీదెందుకు పెట్టావు?" అంది. "కనబడలేదని చెప్పు, ఆ లైను రాలేదని చెప్పు, ఏదన్నా చెప్పు. నేను వినలేదని అన్నావేం? ఆయన ముందు, నా మొహం మీదే. నేను నిజమేననుకున్నాను. ఆ పిల్ల నా వల్లే పడిపోయిందని పొద్దుటినుంచి చస్తున్నాను బాబాయ్."

"నీకు వయసుంది," అన్నాడాయన. "నువ్వు తప్పు చేస్తే తొందరపాటు అంటారు, రేపు మర్చిపోతారు. నేను చేస్తే ముసలాడైపోయాడంటారు. చదవడం తప్ప నాకింకేం వచ్చు? అది కూడా పోయిందని తెలిస్తే ఈ కుర్చీలో నన్నెవరు కూర్చోనిస్తారు?"

"ఎవరు లేపుతారు నిన్ను? నేనా?"

ఆయన చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. "ఈ ఒక్కసారికి ఊ అనేయ్. రేపటినుంచి నువ్వే చదువు, ముద్ర నువ్వే వెయ్యి. నేను వెనక గదిలో పడి ఉంటాను. ఆయన ముందు మాత్రం నా పరువు తియ్యకు."

తొందరమ్మ తండ్రి పోయిన రోజు ఆమె బట్టలకు చోటు కోసం బీరువాలోంచి తన పుస్తకాలన్నీ తీసి మంచం కింద పెట్టుకున్న మనిషి ఈయన. నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. అడగక అడగక ఇదా అడగడం.

"పాలపొడి కాగితం?" అంది.

"అది మారి ఉండదు."

"మారి ఉండదా, మారలేదా?"

పిన్ని అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది.

ఆఫీసరు ఫోను చేత్తో మూసి పట్టుకుని వీధి గుమ్మంలోనే ఆగాడు. "గోడౌన్ వాళ్ళు లైన్లో ఉన్నారు. ఈ ఒక్క కాగితమే కదా? డబ్బాలు పంపేయమని చెప్పనా?"

బాబాయి తలను మెల్లగా ఒక పక్కకు తిప్పాడు, గోడ వైపు. అప్పుడు అర్థమైంది తొందరమ్మకు. అలక కాదు, పాడూ కాదు. ఆమె మొహం కనబడాలంటే ఆయన పక్కకు చూడాలి. ఇన్ని నెలలూ ఆయన గోడ వంక చూసినప్పుడల్లా తనను చూడడానికే చూశాడు. ఇప్పుడూ చూస్తున్నాడు, ఏమంటుందోనని.

ఊ గొంతుదాకా వచ్చింది. అనేస్తే చాలు, ఆయన కుర్చీ ఆయనకుంటుంది. డబ్బాలు వెళ్ళిపోతాయి, మారకపోతే ఏమీ కాదు. మారి ఉంటే, ఎక్కడో ఎవరింట్లోనో ఓ తల్లి డబ్బా మీద రాసింది చదువుకుని, నమ్మి, సీసాలో పొడి కలుపుతుంది.

"కాదండీ," అంది తొందరమ్మ. "ఈ ఒక్కటే కాదు. ఏదీ పంపకండి."

ఆఫీసరు కళ్ళు చిన్నవయ్యాయి. "ఏం మాట్లాడుతున్నారు? ఇందాక..."

"అమ్మాయి చెప్పిందే నిజం," అన్నాడు బాబాయి. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఇందాక నేను అబద్ధమాడాను. తను పరధ్యానంగా లేదు. చదవని లైనును ఎవరైనా ఎలా వింటారు? నాకు అక్షరాలు కనబడవండీ. వానాకాలం నుంచి నేను ముద్ర వేసిన ఏ కాగితాన్నీ నమ్మకండి."

తొందరమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆయన మీద కోపం అలాగే ఉంది, అది అంత తేలిగ్గా పోదు. దాని పక్కనే ఆయన్ను కావలించుకోవాలన్న ఆత్రమూ ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయని అడక్కండి, ఉన్నాయి.

ఆఫీసరు తిట్టలేదు. ఫోను చెవికి ఆనించి, "డబ్బాలు కదలనివ్వకండి," అన్నాడు. విన్నాడు. ఆయన మొహం మారిపోయింది. ఫోను దించాడు.

"ఒక లారీ పొద్దున్నే బయలుదేరిపోయిందట. దారి పొడుగునా దుకాణాల్లో దింపుకుంటూ పోతోంది." మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "దింపినవి వెనక్కి తెప్పించాలంటే అనుమానం చాలదు, పైవాళ్ళు కారణం అడుగుతారు. ఆ కాగితంలో ఏమైనా మారిందా లేదా? ఇప్పుడే, నా ముందు తేల్చండి."

తొందరమ్మ ట్రే దగ్గరికి వెళ్ళింది. ఈసారి లాగలేదు. ఒక్కో కాగితం పై అక్షరాలు చూసుకుంటూ, పాలపొడి కాగితం తీసి, పేరు ఇంకోసారి చదువుకుంది. ఇంగ్లీషు ప్రతి కోసం చెయ్యి చాచింది.

"అది వద్దు," అన్నాడు బాబాయి. "నువ్వు రాసింది పక్కన పెట్టుకుంటే, లేనిది కూడా ఉన్నట్టే కనబడుతుంది నీకు. ఈ కంగారులో అసలు వద్దు. స్పానిష్ నువ్వు చదువు. పాతది మొత్తం నా బుర్రలో ఉంది. నేను ఊ కొడతాను."

అంటూనే ఆయన బల్లను తడుముకుంటూ ఇటు వచ్చి, తొందరమ్మ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కిటికీ వైపు కుర్చీలో కూర్చుంది. ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. ఆయన ఒంటి వేడి ఇంకా ఉంది దానికి. ఆఫీసరు లారీ డ్రైవరు నంబరు నొక్కి, ఫోను చెవికి పెట్టుకుని, సిగ్నల్ అందే వీధి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లేచె దెస్నతాదా ఎన్ పోల్వో," అని చదివింది. వెన్న తీసిన పాలపొడి.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. "ఊ."

"లాక్తోసా."

"ఊ."

"స్వేరో దె లేచె." విరిగిన పాల నుంచి తీసిన నీటి పొడి.

"ఊ."

"అసేయ్తె దె హిరసోల్." పొద్దుతిరుగుడు నూనె.

"ఊ."

"కార్బొనాతో దె కాల్సియో."

"ఊ."

ఒక్కో ఊకీ తొందరమ్మ గుండె కాస్త కాస్త కుదుటపడుతోంది. ఏమీ మారలేదేమో. పరువు పోతే పోయింది, పిల్లలకేమీ కాదేమో. పిన్ని వంటింటి గుమ్మాన్ని ఆనుకుని, పెదాలు కదిలిస్తూ ఏదో గొణుక్కుంటోంది.

"సిత్రాతో దె సోదియో."

"ఊ."

తర్వాతి లైను మీదికి ఆమె చూపు ముందే వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది. చదవడానికి నోరు రాలేదు. చదవాలి. ఉన్నది ఉన్నట్టు, ఏదీ దాటకుండా, పైకి చదవాలి.

"లెసితీనా దె వేవో," అని చదివింది.

ఎదురు కుర్చీలో బాబాయి కళ్ళు మూసుకునే ఉన్నాడు. పెదాలు తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకున్నాయి.

ఊ రాలేదు.

"మళ్ళీ చదువమ్మా," అన్నాడు.

మళ్ళీ చదివింది.

"ఇదివరకు అక్కడ గుడ్డు లేదు," అన్నాడు బాబాయి.

ఆఫీసరు చెవి దగ్గర ఫోను మోగుతూనే ఉంది. అవతల డ్రైవరు ఎత్తడం లేదు.